ప్రశ్న వేరు, గడిలో నింపేది వేరు: పిల్లల పీహెచ్‌పీ ప్రాజెక్టులో మీరూ చూడగలిగిన విషయం



ఈ టర్మ్‌లో పై తరగతుల పిల్లలు చాలామంది కంప్యూటర్ ప్రాజెక్టుగా 'విద్యార్థుల మార్కుల వెబ్‌సైట్' ఎంచుకున్నారు. "పెట్టెలో అడ్మిషన్ నంబరు కొడితే మార్కులు వచ్చేస్తున్నాయి మమ్మీ, ప్రాజెక్టు అయిపోయింది" అని మీకు ఇంట్లో చూపించే ఉంటారు. మార్కులు రావడం సగం పని. ఆ పెట్టెలో అడ్మిషన్ నంబరు కాకుండా ఇంకేదైనా కొడితే ఏమవుతుందన్నది మిగతా సగం. గత పీటీఎంలో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు "చక్కగా పనిచేస్తున్న ప్రాజెక్టుకు మార్కులెందుకు తగ్గించారు సార్?" అని అడిగారు. వారికి చెప్పిన జవాబునే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాం. ప్రోగ్రామింగ్ తెలియకపోయినా చదవవచ్చు. తెలిసినవారికి మధ్యలో పనికొచ్చే సంగతులు కొన్ని తగులుతాయి.

ఇది మార్కులతోనే పోయే విషయం కాదు. పిల్లలు ప్రాజెక్టుకు డేటా కావాలని తమ సెక్షన్‌లో అందరి పేర్లు, పుట్టిన తేదీలు, నాన్నగారి ఫోన్ నంబర్లు నిజంగానే ఎక్కించేస్తారు. ఊహించి రాయడం కన్నా అది తేలిక కదా! తర్వాత ఉత్సాహంగా దాన్ని ఏదో ఉచిత హోస్టింగ్‌లో పెట్టి, లింకును క్లాస్ వాట్సాప్ గ్రూపులో వేస్తారు. ఆ క్షణం నుంచి అది ప్రాజెక్టు కాదు, ఊరందరికీ తలుపు తెరిచిన రిజిస్టరు. మీ నంబరు కూడా మరొకరి పిల్లవాడి ప్రాజెక్టులో ఉండి ఉండవచ్చు.

తెల్ల కాగితం, అచ్చు ఫారం

హాస్టల్ క్యాంపస్‌లలో పిల్లలున్న వారికి ఔట్‌పాస్ గురించి చెప్పక్కర్లేదు. ఒక తండ్రి తెల్ల కాగితం మీద "మా అబ్బాయి రవిని ఆదివారం ఇంటికి పంపగలరు" అని రాసి పంపారనుకోండి. వార్డెన్‌గారికి చేరేలోపు ఆ కాగితం రవి చేతికి వచ్చింది. 'రవిని' అన్న మాట పక్కన అదే రంగు పెన్నుతో 'మరియు అతని గదిలోని అందరినీ' అని చేర్చాడు. వార్డెన్‌గారికి కనబడేది ఒకే వాక్యం. అందులో ఏది తండ్రి కోరిందో, ఏది కొడుకు కలిపిందో విడదీసే గుర్తేదీ లేదు. రాసినది రాసినట్టు పాటిస్తే గది గదంతా గేటు దాటుతుంది.

ఇప్పుడు అచ్చు ఫారం తీసుకోండి. 'విద్యార్థిని ఆదివారం పంపడానికి అనుమతి' అన్న వాక్యం ముందే ముద్రించి ఉంది. 'విద్యార్థి పేరు' అన్నచోట ఒక గడి. రవి ఆ గడిలో 'రవి మరియు అతని గదిలోని అందరూ' అని రాశాడు. వార్డెన్‌గారు ఏం చేస్తారు? అంత పొడుగు పేరున్న విద్యార్థి కోసం రిజిస్టరు తిప్పుతారు. ఆ పేరు ఉండదు. గడిలో ఏం రాసినా అది పేరే అవుతుంది కానీ ఆజ్ఞ కాదు.

డేటాబేస్‌ను అడగడానికి కూడా ఈ రెండు పద్ధతులే ఉన్నాయి. పిల్లలు మొదట నేర్చుకునేది తెల్ల కాగితం పద్ధతి. "ఫలితాల టేబుల్‌లో అడ్మిషన్ నంబరు ఇంతకు సమానమైన వరుసలు ఇవ్వు" అనే క్వెరీ చివర, పెట్టెలో కొట్టినదాన్ని తెచ్చి అతికిస్తారు. 4127 కొడితే "అడ్మిషన్ నంబరు = 4127" అవుతుంది. బాగానే ఉంది. ఎవరైనా "4127 లేదా 1 = 1" అన్న అర్థం వచ్చేలా ఎస్‌క్యూఎల్ భాషలో కొడితే? క్వెరీ "అడ్మిషన్ నంబరు 4127 అయినవి, లేదా ఒకటి ఒకటికి సమానమైనవి ఇవ్వు" అయిపోతుంది. ఒకటి ఎప్పుడూ ఒకటికి సమానమే కాబట్టి ప్రతి వరుసా ఆ షరతుకు సరిపోతుంది. టేబుల్‌లో ఉన్న పిల్లలందరి వివరాలూ తెర మీదికి వచ్చేస్తాయి. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు.

దుర్బుద్ధి లేకపోయినా ఈ పద్ధతి దెబ్బతింటుంది. డిసౌజా ఇంటిపేరును ఇంగ్లిష్‌లో రాస్తే మొదటి అక్షరం తర్వాత పైన చిన్న అపోస్ట్రఫీ వస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో అక్షరాల విలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు కూడా అదే. పాపం, ఆ అమ్మాయి తన పేరు తాను వెతుక్కుంటే ప్రోగ్రామ్ మధ్యలో తెగి, తెర మీద ఎర్రర్ వస్తుంది. అతికించే పద్ధతి తప్పనడానికి దొంగ దాకా పోనక్కర్లేదు, డిసౌజా చాలు.

పదహారేళ్ల కుర్రవాడు

"పిల్లల ప్రాజెక్టులో ఇంత భయం అవసరమా?" అనిపించవచ్చు. 2015 అక్టోబరులో బ్రిటన్‌లోని టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీలో జరిగింది ఇదే. ఆ కంపెనీ 2009లో టిస్కాలి అనే మరో కంపెనీ బ్రిటన్ వ్యాపారాన్ని కొన్నప్పుడు, దానితోపాటు కొన్ని పాత వెబ్ పేజీలు కూడా వచ్చాయి. వాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వెనకాల ఉన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను కూడా అప్‌డేట్ చేయలేదు. ఆ పేజీల్లోంచి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో 1,56,959 మంది ఖాతాదారుల వ్యక్తిగత వివరాలు బయటికి పోయాయి. వారిలో 15,656 మంది బ్యాంకు ఖాతా వివరాలూ ఉన్నాయి. అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2016 అక్టోబరులో ఆ కంపెనీకి 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఈ దాడి కొత్తదేమీ కాదని, దాన్ని అడ్డుకునే మార్గాలు ఎప్పటి నుంచో అందరికీ తెలుసునని కూడా తేల్చింది.

ఎప్పటి నుంచో అన్నది నిజం. ఈ కిటుకు గురించి 1998లోనే ఒక హ్యాకర్ల పత్రికలో బహిరంగంగా రాశారు. పదిహేడేళ్లు గడిచినా అదే తలుపు తెరిచి ఉంది.

తల్లిదండ్రులుగా మనల్ని ఆపేది మరో వివరం. ఆ కేసులో నేరం ఒప్పుకున్నవారిలో ఒక కుర్రవాడు ఉన్నాడు. ఆ పని చేసేనాటికి అతడికి పదహారేళ్లు. స్నేహితుల ముందు గొప్ప కోసం చేశానని కోర్టులో చెప్పుకున్నాడు. అందుకే ఈ పాఠం చెప్పే రోజునే ల్యాబ్‌లో ఒక మాట గట్టిగా చెబుతాం: సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత ప్రాజెక్టు మీద ఎంతైనా ప్రయోగం చేయండి, వేరేవారి వెబ్‌సైట్ పెట్టెలో మాత్రం ఇలాంటివి కొట్టకండి. మన ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద అనుమతి లేకుండా మరొకరి కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడి వివరాలు తీయడం నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "ఊరికే చూద్దామని కొట్టాను" అన్న జవాబు అక్కడ పనిచేయదు. ఈ మాట ఇంట్లో మీరూ ఒకసారి అనండి. మేము చెప్పినదానికన్నా మీరు చెప్పినది ఎక్కువ నిలుస్తుంది.

పీహెచ్‌పీలో అచ్చు ఫారం

పీహెచ్‌పీని రాస్మస్ లెర్డార్ఫ్ అనే ప్రోగ్రామర్ తన సొంత వెబ్ పేజీ అవసరాల కోసం 1994లో మొదలుపెట్టి, 1995లో అందరికీ విడుదల చేశారు. వికీపీడియా నడిచే మీడియావికీ, వర్డ్‌ప్రెస్ రెండూ పీహెచ్‌పీలో రాసినవే. డబ్బు ఖర్చు లేకుండా జాంప్ అనే ఒక్క ప్యాకేజీ వేసుకుంటే ఇంటి ల్యాప్‌టాప్‌లోనే అన్నీ నడుస్తాయి కాబట్టి పిల్లలకు ఇది అనుకూలం.

ఇబ్బంది ఎక్కడంటే, ఇంటర్‌నెట్‌లో దొరికే పాత వీడియోలు, జిరాక్స్ షాపుల్లో అమ్మే రెడీమేడ్ ప్రాజెక్టులు చాలావరకు పాత 'మైఎస్‌క్యూఎల్' ఫంక్షన్లతో ఉంటాయి. అందులో అచ్చు ఫారం సౌకర్యమే లేదు, అంతా తెల్ల కాగితమే. ఆ పాత ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచి పూర్తిగా తీసేశారు. వాటి స్థానంలో రెండు ఉన్నాయి. ఒకటి 2004లో పీహెచ్‌పీ 5తో వచ్చిన 'మైఎస్‌క్యూఎల్‌ఐ'. పేరు చివరన ఒక్క 'ఐ' అక్షరమే తేడా, కానీ లోపల చాలా మారింది. రెండోది 2005లో పీహెచ్‌పీ 5.1తో కలిసి వచ్చిన 'పీడీఓ'. రెండింట్లోనూ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ఉంది. అదే మన అచ్చు ఫారం.

పని ఇలా సాగుతుంది. ముందు 'ప్రిపేర్': "ఫలితాల టేబుల్‌లో అడ్మిషన్ నంబరు = ? అయిన వరుసల్లో పేరు, సబ్జెక్టు, మార్కులు ఇవ్వు" అని విలువ ఉండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి డేటాబేస్‌కు పంపుతారు. డేటాబేస్ ఆ వాక్యాన్ని చదివి, అర్థం చేసుకుని, ఫారం అచ్చు వేసి పెట్టుకుంటుంది. తర్వాత 'బైండ్': ఆ ప్రశ్నార్థకంలోకి ఏ విలువ వెళ్లాలో చెబుతారు. ఆ తర్వాత 'ఎగ్జిక్యూట్': విలువను పంపి, వాక్యాన్ని నడపమంటారు. వాక్యం అర్థం అప్పటికే ఖరారైపోయింది కాబట్టి, పెట్టెలో "4127 లేదా 1 = 1" అని కొట్టినా ఆ మొత్తం ఒకే ఒక విలువ. మహా అయితే 4127 వరుస ఒక్కటే వస్తుంది, లేదా ఏదీ రాదు. తరగతి మొత్తం మాత్రం రాదు. డిసౌజా కూడా హాయిగా తన పేరు వెతుక్కోవచ్చు.

ఒకే ఫారాన్ని మళ్లీ మళ్లీ నింపవచ్చు. నలభై మంది మార్కులు ఎక్కించాలంటే నలభై వాక్యాలు పంపనక్కర్లేదు. ఒకసారి ప్రిపేర్ చేసి, విలువలు మారుస్తూ నలభైసార్లు ఎగ్జిక్యూట్ చేస్తే చాలు. పిల్లలు దీన్ని వేగం కోసం వాడతామంటారు. మాకైతే వేగం కొసరు, భద్రతే అసలు.

బైండ్ చేసేటప్పుడు మైఎస్‌క్యూఎల్‌ఐలో ప్రతి విలువకూ ఒక అక్షరం ఇవ్వాలి: పూర్ణాంకానికి 'ఐ', దశాంశానికి 'డి', అక్షరాలకు 'ఎస్', ఫొటోలాంటి పెద్ద డేటాకు 'బి'. పిల్లలు ఇక్కడ తరచూ తడబడతారు. అంకెలు కనిపిస్తే చాలు 'ఐ' పెట్టేస్తారు. అడ్మిషన్ నంబరు 0412 అయితే, పూర్ణాంకంగా అది 412 అయిపోతుంది. ముందున్న సున్నా పోతుంది, విద్యార్థి దొరకడు. ఫోన్ నంబరుదీ ఇదే కథ. డేటాబేస్‌లో మామూలు పూర్ణాంకపు కాలమ్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లన్నీ 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ అందులో పట్టదు. పాత అమరికలున్న డేటాబేస్‌లో ఎర్రర్ కూడా రాదు, అందరి తల్లిదండ్రుల ఫోన్ నంబరూ 2147483647 గా నిలబడి ఉంటుంది! కూడికలు, తీసివేతలు చేయని నంబరును సంఖ్యగా కాక అక్షరాలుగా దాచుకోవడం మేలని చెబుతుంటాం.

తెచ్చుకోవడంలో ఉన్న తికమకలు

ఎగ్జిక్యూట్ చేయగానే మార్కులు చేతికి వచ్చినట్టు కాదు. జవాబు సిద్ధమైంది, దాన్ని వరుస వెంట వరుసగా తెచ్చుకోవాలి. ఆ పని పేరు 'ఫెచ్'. ప్రాజెక్టుల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే.

మైఎస్‌క్యూఎల్‌ఐలో రెండు దారులున్నాయి. ఒకటి 'బైండ్ రిజల్ట్'. పేరు ఈ డబ్బాలో, సబ్జెక్టు ఈ డబ్బాలో, మార్కులు ఈ డబ్బాలో వేయమని ముందే చెప్పి, 'ఫెచ్' అన్న ప్రతిసారీ తర్వాతి వరుస ఆ డబ్బాల్లోకి వచ్చి పడేలా చేయడం. క్వెరీలో మూడు కాలమ్‌లు అడిగితే డబ్బాలు సరిగ్గా మూడే ఉండాలి, అదే వరుసక్రమంలో ఉండాలి. అన్ని కాలమ్‌లూ ఇవ్వమని నక్షత్రం గుర్తు పెట్టి, తర్వాత టేబుల్‌లో కొత్త కాలమ్ చేరిస్తే లెక్క తప్పుతుంది. రెండో దారి 'గెట్ రిజల్ట్'. జవాబు మొత్తాన్ని తీసుకుని, అందులోంచి ఒక్కో వరుసను కాలమ్ పేర్లతో సహా తీసుకోవడం. చదవడానికి ఇదే తేలిక, మేము సిఫారసు చేసేదీ ఇదే. అయితే దీనికి 'మైఎస్‌క్యూఎల్‌ఎన్‌డీ' అనే డ్రైవర్ ఉండాలి. కొన్ని చవక హోస్టింగుల్లో అది ఉండదు. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచిన ప్రాజెక్టు అక్కడ పెట్టగానే ఆగిపోతే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ఒక స్టేట్‌మెంట్ జవాబులో వరుసలు ఇంకా మిగిలి ఉండగానే అదే కనెక్షన్‌పై మరో క్వెరీ వేస్తే 'కమాండ్స్ ఔట్ ఆఫ్ సింక్' అని ఎర్రర్ వస్తుంది. మన పిల్లలు దీన్ని చూసి డేటాబేస్ చెడిపోయిందని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, ఆదివారం సాయంత్రం అందుకే అయిపోతుంది. చెడిపోయిందేమీ లేదు. మొదటి జవాబును పూర్తిగా తెచ్చుకోవాలి, లేదా ముందే అంతా నిల్వ చేసుకోవాలి, లేదా ఆ స్టేట్‌మెంట్‌ను మూసేయాలి. అంతే.

అన్నిటికన్నా ముఖ్యమైనది సున్నా. ఒక అమ్మాయి పరీక్షకు రాలేదు, ఒక అబ్బాయి వచ్చి సున్నా తెచ్చుకున్నాడు, మూడో అడ్మిషన్ నంబరు అసలు టేబుల్‌లోనే లేదు. ఈ మూడూ వేర్వేరు సంగతులు. డేటాబేస్ వీటిని వేర్వేరుగానే చెబుతుంది: రానివారికి 'నల్' అంటే విలువ లేకపోవడం, సున్నా వచ్చినవారికి 0, లేని నంబరుకు అసలు వరుసే రాదు. కానీ పీహెచ్‌పీలో "మార్కులు లేకపోతే" అని అజాగ్రత్తగా పరీక్షిస్తే నల్, 0 రెండూ 'లేదు' కిందే పడతాయి. అప్పుడు సున్నా వచ్చిన అబ్బాయికి 'గైర్హాజరు' అని, లేదా రాని అమ్మాయికి 'సున్నా' అని తెర మీద కనిపిస్తుంది. ఆ తెర చూసి ఇంట్లో ఎంత గొడవ జరుగుతుందో మీకు మేము చెప్పాలా?

పీడీఓలో ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. ఒకే కాలమ్ తెచ్చే 'ఫెచ్ కాలమ్' అనే పద్ధతి ఉంది. వరుసలు అయిపోతే అది 'ఫాల్స్' అంటుంది. కొందరు పిల్లలు "ఏదో ఒకటి వస్తున్నంతసేపు చూపిస్తూ పో" అని లూప్ రాస్తారు. మార్కుల జాబితాలో సున్నా రాగానే పీహెచ్‌పీ దాన్ని 'ఏమీ రాలేదు' అనుకుని లూప్ ఆపేస్తుంది. సున్నా వచ్చిన విద్యార్థి దగ్గరే జాబితా తెగిపోతుంది, అతడి తర్వాతి వారెవరూ కనిపించరు. అందరికీ మంచి మార్కులు వేసిన నమూనా డేటాతో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. కాబట్టి నమూనాలో ఒక సున్నా, ఒక గైర్హాజరు తప్పకుండా ఉండాలి.

పిల్లల పేర్లు తెలుగులో ఎక్కించినవారికి ఒక మాట. తెచ్చుకున్నప్పుడు పేరు స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే, వాటికీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లోని ప్రశ్నార్థకానికీ ఏ సంబంధమూ లేదు. టేబుల్‌కూ కనెక్షన్‌కూ రెండింటికీ అక్షరాల అమరికను 'యూటీఎఫ్‌8ఎంబీ4' అని పెట్టాలి.

ఫారం చేయలేని పనులు

ప్రశ్నార్థకం విలువ స్థానంలో మాత్రమే పనిచేస్తుంది. టేబుల్ పేరు, కాలమ్ పేరు, ఏ కాలమ్ ప్రకారం వరుస పెట్టాలి అన్నవి వాక్యంలో భాగాలు కాబట్టి వాటిని గడిలో నింపలేం. 'పేరు వారీగా', 'మార్కుల వారీగా' చూపించే సౌకర్యం కావాలంటే, అనుమతించిన కాలమ్ పేర్ల చిన్న జాబితా ప్రోగ్రామ్‌లో పెట్టుకుని, వచ్చిన మాట అందులో ఉంటేనే వాడాలి. ఇంకొకటి: ప్రశ్నార్థకం చుట్టూ కోట్స్ పెట్టకూడదు. పెడితే అది గడి కాదు, ఉత్త ప్రశ్నార్థకం గుర్తు.

అసలైన పరిమితి వేరే ఉంది. రవి తండ్రి లాగిన్ అయి 4127 బదులు 4128 కొట్టారనుకోండి. ఫారం శుభ్రంగా ఉంది, ప్రిపేర్, బైండ్, ఎగ్జిక్యూట్, ఫెచ్ అన్నీ నిక్షేపంగా నడిచాయి. పక్కింటి అమ్మాయి మార్కులు తెర మీదికి వచ్చాయి! ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ మాట వక్రీకరించకుండా కాపాడుతుంది, అడిగే హక్కు ఉందా లేదా అన్నది చూడదు. ఆ పని మనమే చెప్పాలి: "అడ్మిషన్ నంబరు = ? మరియు తల్లిదండ్రుల లాగిన్ = ?" అని రెండు గడులు పెట్టి, రెండోదాన్ని పెట్టెలోంచి కాకుండా, లాగిన్ అయినప్పుడు సర్వర్ గుర్తుపెట్టుకున్న సమాచారం నుంచి నింపాలి. ఈ రెండో గడి లేని ప్రాజెక్టులే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి.

ఇది పిల్లల ప్రాజెక్టుకే కాదు, స్కూలు యాప్‌లకు, ట్యూషన్ సెంటర్ల వెబ్‌సైట్లకు కూడా వర్తిస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటుంది. తగిన భద్రత ఏర్పాట్లు చేయనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటుంది. కాబట్టి "మా పాప వివరాలు నా లాగిన్‌కు తప్ప ఇంకెవరికీ రాకుండా మీరు ఏం చేశారు?" అని ఏ సంస్థనైనా, మమ్మల్నైనా, అడిగే హక్కు మీకుంది. నంబర్లు మార్చి మీరే పరీక్షించకండి, అడగండి.

ఇంట్లో మీరు చేయగలిగినది

కోడ్ చదవడం రాకపోయినా ఒక ప్రశ్న అడగవచ్చు: "నేను పెట్టెలో కొట్టిన మాట నీ క్వెరీలోకి ఎక్కడ చేరుతోంది, చూపించు." జవాబుగా పిల్లలు ప్రశ్నార్థకం ఉన్న లైను, దాని కింద బైండ్ లేదా ఎగ్జిక్యూట్ లైను చూపిస్తే సంతోషం. పీహెచ్‌పీలో మాటలను అతికించే గుర్తు చుక్క. క్వెరీ మధ్యలో చుక్కలు, డాలర్ గుర్తుతో మొదలయ్యే పేర్లు కనిపిస్తే మళ్లీ రాయమనండి. మొత్తం ప్రాజెక్టులో మారేది కొన్ని లైన్లే, ఒక సాయంత్రం పని.

సీబీఎస్ఈ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లలకు పీహెచ్‌పీ లేదు, పైథాన్‌తో మైఎస్‌క్యూఎల్‌ను కలపడం ఉంది. అక్కడా సమస్య ఇదే. సిలబస్‌లో 'పర్సెంట్ ఎస్' గుర్తు, 'ఫార్మాట్' ఫంక్షన్ రెండూ చెబుతారు. 'పర్సెంట్ ఎస్' పెట్టి విలువలను ఎగ్జిక్యూట్‌కు విడిగా ఇస్తే డేటాబేస్ కనెక్టర్ వాటిని విలువలుగానే చూస్తుంది. 'ఫార్మాట్' వాడితే అది తెల్ల కాగితమే. పరీక్షలో రెండింటికీ మార్కులు పడవచ్చు, మా ల్యాబ్‌లో మొదటిదే రాయిస్తున్నాం.

వైవా రోజున మేము పెట్టెలో కొట్టేవి దాచడం లేదు, ముందే చెబుతున్నాం: అపోస్ట్రఫీ ఉన్న ఒక పేరు, సున్నాతో మొదలయ్యే ఒక అడ్మిషన్ నంబరు, టేబుల్‌లో లేని ఒక నంబరు, "లేదా 1 = 1" తగిలించిన ఒక నంబరు. ఆ తర్వాత ఒక తల్లి లాగిన్‌తో వేరే విద్యార్థి నంబరు అడుగుతాం. చివరగా టేబుల్ తెరిచి చూస్తాం. అందులో పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ ఊహించి రాసినవే ఉండాలి. క్లాస్‌మేట్ల నిజమైన వివరాలు కనిపిస్తే అక్కడికక్కడే తీసేయించి, ఆన్‌లైన్‌లో పెట్టిన కాపీ కూడా తొలగించాకే మళ్లీ వైవాకు పిలుస్తాం.